హెబ్బాళ నుంచి అనంతపురం దాకా: కారులో పిల్లలతో ఆడే ఆటలు, వాటితో అబ్బే నేర్పులు

బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంటి నుంచి అనంతపురంలో అత్తగారింటికి సుమారు 220 కిలోమీటర్లు. పండగలకీ సెలవులకీ కలిపి ఏడాదిలో ఆరేడుసార్లు వెళ్ళొస్తాం. పెద్దదానికి పదేళ్ళు, చిన్నోడికి ఆరు. మొదట్లో అందరిలాగే మేమూ ముందు సీటు వెనక ట్యాబ్ తగిలించి, ఇంక గొడవ లేదనుకున్నాం. చిక్కబళ్ళాపురం ఇంకా రాకముందే చిన్నోడు "అమ్మా, కడుపులో ఎట్లో ఉంది" అన్నాడు. కవరు వెతికేలోపే పని అయిపోయింది. వాడి చొక్కా, నా చీర, అత్తయ్యకని తీసుకెళ్తున్న మైసూర్‌పాక్ డబ్బా, ఏదీ మిగల్లేదు. రోడ్డు పక్కన నీళ్ళ బాటిల్‌తో సీటు కడిగి, ట్యాబ్‌ను డిక్కీలో పడేశాను.

మరి మిగతా దారంతా ఏం చేయాలి? అప్పుడు మొదలైనవే ఈ ఆటలు. ఇది మూడేళ్ళ కిందటి మాట. ఈ మూడేళ్ళలో నాకు అర్థమైంది ఒకటే. ఆటలు ఆరేడు చాలు. నెట్‌లో యాభై ఆటల లిస్టు వెతికి పెట్టుకోవడం కంటే, పాత ఆటకే ఒక్క రూలు మార్చడం మేలు. ఆట బాగా వచ్చేసిందంటే పిల్లలు బుర్ర పెట్టడం మానేస్తారు. రూలు మారితే మళ్ళీ తల గోక్కుంటారు. నేర్చుకునేదంతా ఆ తల గోక్కునే పది నిమిషాల్లోనే.

మా దారి ఇది కాబట్టి ఈ వరసలోనే చెప్తాను. మీరు తిరుపతికో నెల్లూరుకో వెళ్ళేవాళ్ళైతే ఊళ్ళ పేర్లు మార్చుకోండి.

1. కారు కదలకముందు

ముందు బెల్టు. 14 ఏళ్ళ లోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోతే మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా సంగతి అటుంచితే, ఆట ఊపులో పిల్లలు రెండు ముందు సీట్ల మధ్యలోకి వచ్చేస్తారు. అందుకే మా మొదటి రూలు: బెల్టు తీస్తే ఆ ఆటలో ఔట్. అప్పీళ్ళు లేవు.

తర్వాత కడుపు. చెవి లోపల బ్యాలెన్స్ చూసుకునే భాగం ఒకటి ఉంది. కారు కదులుతోందని అది చెప్తుంటే, తెర మీదో పుస్తకం మీదో ఉన్న కన్ను కదలట్లేదని చెప్తుంది. ఆ తగవులో కడుపు తిరుగుతుంది. రెండేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు ఈ బాధ ఎక్కువ. కాబట్టి బండి నడుస్తున్నంతసేపు కళ్ళు కిటికీ బయట, వీలైతే దూరంగా ఉండే ఆటలు, లేదంటే నోటితో ఆడేవి. పెన్సిల్, కాగితం, స్టిక్కర్లు టిఫిన్‌కి ఆగినప్పుడే. గోలీలు, బంతులు, గుండ్రటి బాటిళ్ళు అసలు సీట్ల దగ్గర వద్దు. దొర్లుకుంటూ వెళ్ళి బ్రేకు కింద చేరాయంటే ఆట కాదు, ప్రాణం మీదకొస్తుంది.

ఇక డ్రైవింగ్ చేసేవాళ్ళు. మా ఆయనకు కూడా ఆడాలనే ఉంటుంది. ఒకసారి ఏపీ బండిని ముందు ఎవరు చూశారో తేల్చమని ఇద్దరూ ఆయన్ని అడిగారు. ఆయన తల తిప్పి చూసిన ఆ ఒక్క సెకనులోనే ముందు లారీ బ్రేకు వేసింది. మేమూ ఆగాం, కానీ అందరి గుండెలూ ఒక్కసారి జారాయి. అప్పటి నుంచి డ్రైవర్‌కు చెవితో ఆడే ఆటలే. కంటితో ఆడేవాటికి తీర్పరిని నేను.

2. సిటీ దాటేదాకా

బెంగళూరు దాటడమే సగం ప్రయాణం. ఔటర్ రింగ్ రోడ్డు మీద టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఒక అరగంట, హెబ్బాళ దగ్గర ఇంకో అరగంట ఎటూ పోతాయి. "ఎప్పుడు కదుల్తుంది?" అనే ప్రశ్న వినీ వినీ విసుగొచ్చి నిమిషం ఆట పెట్టాను. సిగ్నల్ దగ్గర అంకెలు తగ్గుతుంటాయి కదా, 90 కనిపించగానే కళ్ళు మూసుకోవాలి. అరవై సెకన్లు అయిందనిపించినప్పుడు కళ్ళు తెరవాలి. 30కి ఎవరు దగ్గరగా ఉంటే వాళ్ళు గెలిచినట్టు. మొదటిసారి చిన్నోడు 71 దగ్గర తెరిచేశాడు. వాడి లెక్కలో పందొమ్మిది సెకన్లకే నిమిషం! అక్క మాత్రం "ఒకటి అనగనగా, రెండు అనగనగా" అని లోపల లెక్కపెట్టుకుని 34కి తెరిచింది. ఆ చిట్కా వాడికి చెప్పొద్దని నా చెవిలో చెప్పింది కూడా. నాలుగు ట్రిప్పులకు వాడూ కనిపెట్టాడు. ఇప్పుడు ఇంట్లో "రెండు నిమిషాల్లో వస్తా" అంటే అదెంతసేపో ఇద్దరికీ తెలుసు. వాళ్ళ నాన్నకే ఇంకా తెలియదు.

ట్రాఫిక్‌లో చేతికి దగ్గరగా దొరికే బొమ్మల పుస్తకం నంబర్ ప్లేటు. దీన్ని వయసును బట్టి పెంచుకుంటూ పోవచ్చు.

నాలుగైదేళ్ళ వాళ్ళకైతే "7 ఎక్కడుంది?" చాలు. ఆరేడేళ్ళకు నాలుగంకెలూ కూడమనండి. తొమ్మిది దాటిన వాళ్ళకు నాలుగంకెలనూ ఒక్కోసారే వాడి పది తెప్పించమనండి, కూడికైనా తీసివేతైనా గుణకారమైనా సరే. 5372 కనిపించిందనుకోండి. మా పెద్దది "అయిదు, ఏడు పన్నెండు, రెండు తీస్తే పది" అంది. మూడు మిగిలిపోయింది, చెల్లదన్నాను. కాసేపు పెదవి కొరుక్కుని, అయిదు మూళ్ళు పదిహేను, ఏడు తీస్తే ఎనిమిది, రెండు కలిపితే పది అని సీటు మీద గుద్దింది. కొన్ని నంబర్లకు పది రాదు. రాదని ఒప్పుకోవడం కూడా ఆటలో భాగమే. ముందే "నాకు రాదు" అనకుండా, అన్ని దారులూ చూసి "దీనికి రాదు" అనడం వేరు.

అంకెలంటే మొహం మొత్తిన రోజు అక్షరాలు. మధ్యలో ఉండే రెండు ఇంగ్లీషు అక్షరాల శబ్దాలతో తెలుగు మాట చెప్పాలి. గుణింతం, ఒత్తులు మీ ఇష్టం. ఎం, ఎల్ వచ్చాయంటే మ, ల. మల్లె, మేలు, మాల, ములక్కాడ, అన్నీ చెల్లుతాయి. మా వైపు తిరిగే కార్లలో చాలావాటికి ఎం మొదట వస్తుంది కాబట్టి మా ఇంట్లో 'మ' మాటలు అరిగిపోయాయి. ఇంగ్లీషు మీడియం పిల్లలు తెలుగు మాటల కోసం ఇంతసేపు వెతుక్కోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. ఒక్క జాగ్రత్త: వాళ్ళు తప్పు మాట చెప్తే అక్కడే స్పెల్లింగ్ క్లాసు మొదలుపెట్టకండి. చెల్లదని చెప్పి ముందుకెళ్ళండి.

కాస్త పెద్ద పిల్లలకు ప్లేటు మీది ఊరి నంబరే ఒక మ్యాపు. కెఎ 03 ఇందిరానగర్, 05 జయనగర్, 50 యలహంక, 51 ఎలక్ట్రానిక్ సిటీ, 53 కెఆర్ పురం. సిటీ దాటాక 40 కనిపిస్తే చిక్కబళ్ళాపురం వాళ్ళు. ఏపీలో పాత బండ్లకు 02 అనంతపురం, 03 చిత్తూరు, 04 కడప, 21 కర్నూలు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక కొత్త బండి ఏ జిల్లాదో చెప్పడం కుదరదు. తెలంగాణ బండ్లకు 2024 మార్చి నుంచి టీఎస్ పోయి టీజీ వచ్చింది. కాబట్టి టీఎస్ అంటే అంతకు ముందుదే. "ఈ బండి వయసెంత?" అని అడగడానికి ఇంతకంటే మంచి ఆధారం ఉండదు. పచ్చ ప్లేటు ఎలక్ట్రిక్, పసుపు ప్లేటు ట్యాక్సీ, నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలైతే సొంతంగా నడుపుకునే అద్దె కారు. రంగు చూసి కారణం చెప్పడం ఆరేళ్ళవాడికి కూడా వచ్చు.

3. హళ్ళి ఎక్కడ పల్లి అవుతుంది?

ఇది మా సొంత ఆట. నాకు అన్నిటికంటే ఇష్టమైనది. బెంగళూరులో ఉండే తెలుగువాళ్ళకు దొరికినంత సులువుగా ఇది వేరేవాళ్ళకు దొరకదు.

పాత కన్నడంలో మాట మొదట ఉన్న 'ప' కాలక్రమంలో 'హ' అయింది. తెలుగులో అలాగే నిలిచిపోయింది. అందుకే మన పాలు వాళ్ళకు హాలు, పులి హులి, పాము హావు, పువ్వు హూవు, పంది హంది, పండు హణ్ణు, పది హత్తు. పల్లె హళ్ళి. పిల్లలకు ఇదంతా చెప్పక్కర్లేదు. రెండు మాటలు చెప్పి ఊరుకోండి, మూడోది వాళ్ళనే తెమ్మనండి. మా చిన్నోడు ఊపులో "పిల్లి హిల్లి" అన్నాడు. కన్నడంలో పిల్లిని బెక్కు అంటారని అక్క కిలకిలా నవ్వింది. వాడు కాస్త నొచ్చుకున్నాడు గానీ, సూత్రం పట్టుకున్నాడు. సూత్రానికి తప్పే మాటలుంటాయని కూడా ఆ రోజే తెలిసింది వాడికి. వ్యాకరణం పుస్తకంలో ఆ రెండో సంగతి చెప్పడానికి నాలుగు పేజీలు పట్టేది.

ఇక బోర్డులు. మారతహళ్ళిలో మొదలుపెడతాం, ఎయిర్‌పోర్టు రోడ్డు ఎక్కాక సాదహళ్ళి టోల్, తర్వాత దేవనహళ్ళి. ఇంకా కర్ణాటకలో ఉండగానే బాగేపల్లి వచ్చేస్తుంది. కొడికొండ చెక్‌పోస్టు దాటితే ఆంధ్ర, తర్వాత సోమందేపల్లి. హళ్ళి పోయి పల్లి ఎక్కడ మొదలైంది? ఎవరి కిటికీ వైపు బోర్డులు వాళ్ళు చదవాలి. గీత గీసినట్టు ఒక్క చోట మారదు. ఆ మధ్యలో ఊళ్ళ బోర్డుల మీద రెండూ కలగలిసి వస్తుంటాయి. పిల్లలు అక్కడే వాదించుకుంటారు. "రాష్ట్రం మారకుండానే పల్లి ఎట్లొచ్చింది?" అని పెద్దది అడిగింది. బాగేపల్లిలో ఇంటింటా తెలుగు వినిపిస్తుందని టిఫిన్‌కి ఆగినప్పుడు తనే కనుక్కుంది, ఇడ్లీ వడ్డించిన ఆయన్ని అడిగి.

ఆట ముదిరితే ఊరి పేర్లు విడగొట్టండి. దొడ్డబళ్ళాపురం, చిక్కబళ్ళాపురం: ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. దొడ్డ మనకూ తెలిసిన మాటే, దొడ్డ మనసు అంటాం కదా. పెనుకొండ అంటే పెద్ద కొండ. పేరేసంద్రలో సంద్ర సముద్రమే. ఇక్కడ సముద్రమెక్కడిది అని అడుగుతారు. పెద్ద చెరువును సముద్రం అనేవాళ్ళని చెప్పండి. కాసేపటికి ఆంధ్రలోకి వెళ్ళాక పాలసముద్రం బోర్డు కనిపిస్తుంది. మీరేమీ అనకండి. మా పెద్దది బోర్డు దాటిన పది సెకన్లకు గట్టిగా అరిచింది, మా ఆయన ఉలిక్కిపడేంతగా. అరవొద్దు అనే రూలు అప్పుడు చేర్చాం.

స్కూల్లో కన్నడ చదువుతున్న పిల్లలైతే రెండు లిపులను పోల్చమనండి. తెలుగు అక్షరం తల మీద టిక్కు పెట్టినట్టుండే తలకట్టు, కన్నడ అక్షరం మీద అడ్డగీత. అది పట్టుబడితే సగం బోర్డులు చదివేస్తారు. పెద్దవాళ్ళం మనకూ పనికొస్తుంది. పదేళ్ళుగా ఇక్కడుండి బీఎంటీసీ బస్సు బోర్డు చదవలేకపోవడం నాకే సిగ్గుగా ఉండేది.

4. కిలోమీటరు రాయి, నాన్న స్పీడు

చిక్కబళ్ళాపురం దాటాక రోడ్డు సాఫీగా ఉంటుంది, స్పీడు ఒకేలా సాగుతుంది. కిలోమీటరు రాళ్ళతో ఆడాలంటే ఇదే చోటు. పసుపు తల రాయి ఉంటే నేషనల్ హైవే, పచ్చ అయితే స్టేట్ హైవే, ఆరెంజ్ అయితే ఊరి రోడ్డు. అది చిన్నోడి వాటా.

పెద్దదాని వాటా స్పీడు. ఒక రాయి దగ్గర లెక్క మొదలుపెట్టి తర్వాతి కిలోమీటరు రాయి దగ్గర ఆపాలి. మధ్యలో 200 మీటర్లకొకటి చిన్న రాళ్ళు వస్తాయి, వాటిని చూసి మోసపోకూడదు. 3600ను వచ్చిన సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో తెలుస్తుంది. 60 సెకన్లైతే 60, 45 అయితే 80, 40 అయితే 90, 36 అయితే 100. భాగహారం రాని పిల్లలకు ఈ నాలుగూ బట్టీ పట్టించినా సరిపోతుంది. లెక్క అయ్యాక నాన్నను మీటరు ఎంత చూపిస్తోందో అడగాలి. సాధారణంగా మీటరు అసలు వేగం కంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది. కాబట్టి వీళ్ళ లెక్క ఒకట్రెండు తక్కువ వస్తే తప్పనుకోకండి. మా పెద్దది ఒకసారి 37 సెకన్లు లెక్కపెట్టి "నాన్నా, తొంభై దాటొద్దని అమ్మకు చెప్పావు కదా" అంది. ఆ రోజు నుంచి ఈ ఆటంటే మా ఆయనకు పడదు.

ఇంకో మెట్టు అంచనా. "పెనుకొండ 40" అని బోర్డు కనిపించిందంటే, 80లో వెళ్తే ఎప్పుడు చేరతాం? గడియారం చూసి సమయం చెప్పాలి. మధ్యలో టోల్, టీ, లారీల వరస ఉంటాయని ఒకటి రెండుసార్లు ఓడాక వాళ్ళే పది నిమిషాలు కలుపుకుంటారు. ఆ పది నిమిషాలు కలుపుకోవడం పెద్దయినవాళ్ళలో ఎంతమందికి వచ్చు?

5. టిఫిన్ తర్వాత: సంత, ఇరవై ప్రశ్నలు

కడుపు నిండాక కళ్ళు మూతపడతాయి. నోటి ఆటలకు ఇదే సమయం, డ్రైవర్ కూడా కలవొచ్చు.

సంత ఆట అందరికీ తెలిసిందే. "సంతకెళ్ళాను, గుమ్మడికాయ తెచ్చాను" అని ఒకరంటే, తర్వాతివారు గుమ్మడికాయతో పాటు చీపురు తెస్తారు. మూడోవారు మూడూ చెప్పాలి. ఏడెనిమిది దాకా ఎవరైనా చెప్తారు. అక్కణ్ణుంచి గుర్తుపెట్టుకునే పద్ధతి కావాలి. చిన్నోడు కథ అల్లుకుంటాడు: గుమ్మడికాయ మీద చీపురు నిలబడింది, చీపురు మీద కోడి కూర్చుంది అని. వాడికి ఎవరూ నేర్పలేదు. పన్నెండు దాకా లాగుతాడు. మేం తొమ్మిది దగ్గరే చేతులెత్తేస్తాం. సులువైపోతే అ, ఆ, ఇ, ఈ వరసలో తెమ్మనండి. ఇంకా కావాలంటే ప్రతిదానికీ ధర చెప్పి, మొత్తం ఎంతైందో చివర అడగండి.

ఇరవై ప్రశ్నల ఆటను మాత్రం కాస్త నిదానంగా నేర్పాలి. ఒకరు ఏదో ఒకటి మనసులో అనుకోవాలి, మిగతావాళ్ళు అవును, కాదు అనే జవాబులతోనే కనుక్కోవాలి. చిన్నపిల్లలు మొదట్లో "కుక్కేనా? పిల్లేనా? కాకేనా?" అని గుడ్డిగా అడుగుతారు. ఒక్కో ప్రశ్నకు ఒక్కటే పోతుంది. సగం లోకాన్ని ఒక్క దెబ్బకు కొట్టేసే ప్రశ్న ఏదని అడగండి. "ప్రాణం ఉందా?" అలాంటిది. మా ఇంట్లో ఒక ఆట ఇలా సాగింది.

"ప్రాణం ఉందా?"
"లేదు."
"మన బెంగళూరు ఇంట్లో ఉందా?"
"లేదు."
"అవ్వోళ్ళింట్లో ఉందా?"
"ఉంది!"
"నేను ఎత్తగలనా?"
"నువ్వా? తాత కూడా ఎత్తలేడు."
"వంటింట్లోనా?"
"కాదు, పెరట్లో బావి పక్క."
"రోలు!"

అయిదు ప్రశ్నల్లో చిన్నోడు దొరికిపోయాడు. అడగనిది కూడా చెప్పేశాడు కదా మరి. "అవును, కాదు తప్ప నోరు తెరవకూడదు" అని మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. తెలిసింది చెప్పకుండా ఆపుకోవడం ఆరేళ్ళవాడికి పెద్ద పరీక్షే.

లెక్కలంటే ఇష్టమున్న పిల్లలైతే ఒకటి నుంచి వంద లోపు అంకెతో ఆడండి. ఏడు ప్రశ్నలు చాలు. "50 కంటే పెద్దదా?" తో మొదలుపెట్టి ప్రతిసారీ మిగిలినదాన్ని సగానికి కోసుకుంటూ పోతే, ఏ అంకెనైనా పట్టుకోవచ్చు. రెండును ఏడుసార్లు వేసి హెచ్చిస్తే 128, వంద కంటే ఎక్కువ. ఇరవైసార్లైతే 10,48,576. ఇరవై ప్రశ్నలకు ఇంత బలముందని చెప్తే మా పెద్దది నమ్మలేదు. వేళ్ళ మీద రెట్టింపు చేసుకుంటూ పోయి, 1024 దగ్గర వేళ్ళన్నీ అయిపోతే తమ్ముడి వేళ్ళు అడిగింది.

6. గొడవలు

వస్తాయి. "నేనే ముందు చూశా" అన్నది మా కారులో జాతీయ గీతం. కిటికీలు పంచేస్తే సగం తగ్గుతుంది: ఎడమ వైపు నీది, కుడి వైపు నాది. చిన్నవాళ్ళకు వెసులుబాటు ఇవ్వండి గానీ, అది పిల్లలతోనే తేల్చుకోండి. మా దగ్గర తమ్ముడికి అన్ని బండ్లూ లెక్కే, అక్కకు మాత్రం కర్ణాటకవి కాక వేరే రాష్ట్రాలవే. ఆ రూలు అక్కే పెట్టింది. మనం పెట్టి ఉంటే ఒప్పుకునేది కాదు.

ఏడుపు దాకా వచ్చిన రోజు పోటీ తీసేసి అందరూ ఒకే జట్టు. పోయినసారి మనం సంతలో పన్నెండు చెప్పాం, ఈసారి పదమూడు చెప్దామా అంటే చాలు. ఇంకొక్కటి, కావాలని ఓడిపోకండి. ఒకసారి మా ఆయన ఓడిపోయినట్టు నటించారు. చిన్నోడు పట్టేశాడు, గెలిచి కూడా ముఖం ముడుచుకున్నాడు.

ఆడనంటే వదిలేయండి. కిటికీలోంచి ఊరికే చూస్తూ కూర్చోవడం కూడా పిల్లలకు కావాలి.

7. చీకటి పడ్డాక

తిరుగు ప్రయాణం మాకు ఎప్పుడూ రాత్రే. బయట ఏమీ కనిపించదు కాబట్టి పొడుపు కథలు, నాలుక తిరగని మాటలు. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అంటే కనురెప్పలు. అవ్వ ఒక్కో ట్రిప్పుకు రెండేసి కొత్తవి చెప్పి పంపుతుంది, విప్పినవాళ్ళు మర్నాడు ఫోన్‌లో జవాబు చెప్పాలి. పిల్లలనే కొత్తవి కట్టమంటే ఇంకా బాగుంటుంది. మా చిన్నోడు కట్టింది: "రోడ్డు మీద పడుకుంటుంది, అందరూ ఎక్కి దిగుతారు, అమ్మ మాత్రం తిడుతుంది." స్పీడ్ బ్రేకర్!

ఇవన్నీ అయ్యాక ఆఖరి ఆట ఒకటుంది. దేవనహళ్ళి బోర్డును మొదట చూసి "హళ్ళి వచ్చింది" అన్నవాళ్ళకు పది పాయింట్లు, అయితే మెల్లగా చెప్పాలి. కొడికొండ దాటేటప్పుడు ఇద్దరూ కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చుంటారు. బాగేపల్లి టోల్ దగ్గర చిన్నోడి తల అక్క భుజం మీద వాలుతుంది. పేరేసంద్ర వచ్చేసరికి అక్కా నిద్రపోతుంది. ఆ పది పాయింట్లు ఇంతవరకు ఎవరికీ రాలేదు.